కారుగారి పథ్యం

తప్పు మొదట నాదే. ఆ పుస్తకాన్ని చదివి తెలుగులో చెప్పింది నేను.

అప్పటికి డెబ్బయ్యో సంవత్సరం ఇంకా రాలేదో, వచ్చేసిందో. చోడవరంలో నా కాపురం మొదలై రెండేళ్లు దాటింది. మా అత్తవారిది చెరుకు వ్యవసాయం. ఊరికి ఆనుకుని తోటలు, తోటల మధ్య గానుగ, గానుగ పక్కన బెల్లం వండే పెద్ద పెనం. ఆ ఏడాది అనకాపల్లి మార్కెట్లో బెల్లం ధర బాగా పలికింది. అలాంటప్పుడు ఎవరైనా ఇంకో చెక్క భూమి కొంటారు, లేదా ఇంటికి మేడ వేస్తారు, కనీసం భార్యకో జత గాజులు చేయిస్తారు. మా ఆయన విశాఖపట్నం వెళ్లి, దేశం వదిలి పోతున్న ఒక తెల్ల ఇంజనీరు దగ్గర రెండే సీట్లున్న ఎర్ర కారు కొనుక్కొచ్చారు.

స్పోర్ట్స్ కారట. పందేల్లో పరిగెత్తే రకమట. పైన కప్పు లేదు. వానొస్తే బిగించుకోవడానికి ఒక గుడ్డ ఇచ్చారు, దాన్ని బిగించేలోగా వాన వెలిసిపోయేది. నేలకి జానెడెత్తున ఉండేది. అందులో కూర్చుంటే ఎడ్లబండి ఇరుసు సరిగ్గా మన కళ్లకి ఎదురుగా వస్తుంది. చెరుకు రోజుల్లో చోడవరం రోడ్లన్నీ మిల్లుకి పోయే బళ్లే కదా. ఆ బళ్ల వెనక మా కారు ఎద్దుల నడకన పోతూ ఉంటే, మోపుల్లోంచి జారిన గడలు వచ్చి నా ఒళ్లో పడేవి.

కారు వచ్చిన రోజున మా అత్తగారు వాకిట్లోకి వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, కొడుకుని అడిగారు.

"ఒరే, మిగతా సగం ఏదిరా?"

"ఇంతేనమ్మా. టూ సీటర్."

"మరి నేనెక్కడ కూకోవాల?"

ఆ ప్రశ్నకి జవాబు ఆ కారు మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ దొరకలేదు.

కారుతోపాటు ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం ఇచ్చారు. మా ఆయన ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతారు. నేను ఎస్సెల్సీ పాసై, టీచరు ట్రైనింగు కూడా పూర్తి చేసి కాపురానికి వచ్చినదాన్ని. ఒక సాయంత్రం ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "ఇందులో ఏటుందో సదివి సెప్పవే" అన్నారు. పాఠం చెప్పే అవకాశం వచ్చి చాలా రోజులైంది కాబట్టి నేనూ గొంతు సవరించుకుని, కొంగు సర్దుకుని, పెట్రోలు అన్న పేజీ దగ్గర ఇలా చదివాను. "ఈ వాహనమునందు మద్యసారము కలపని మేలురకపు పెట్రోలు మాత్రమే వాడవలెను."

"మల్లీ సదువు."

మళ్లీ చదివాను.

"మద్యసారం అంటే సారాయా?"

"స్పిరిట్టండి."

ఆయన ముఖం ఒక్కసారిగా గంభీరంగా మారిపోయింది. చంటిపిల్లకి తల్లిపాలు పడవని డాక్టరు చెప్పినప్పుడు కూడా తండ్రులు అంత గంభీరంగా మారరు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పథ్యం మొదలైంది. మనుషులకి కాదు, కారుకి.

చెరుకు పండించే వాళ్లకి మడ్డి సంగతి తెలియనిది కాదు. పంచదార తీశాక మిగిలే నల్లటి మడ్డిని పులియబెడితే స్పిరిట్ వస్తుంది. యుద్ధం రోజుల్లో పెట్రోలు చాలక అందులో ఆ స్పిరిట్ కలిపి బళ్లు నడిపేవారని మా ఆయన చిన్నతనంలో ఎవరో చెప్పుకుంటే విన్నారట. యుద్ధం అయిపోయి పాతికేళ్లు కావొస్తోంది. అయినా ఆయన బుర్రలో అది తిష్ఠ వేసుకుని కూర్చుంది.

"మన సుట్టూ ఏటుందే? సెరుకే కదా. సెరుకున్న సోట మడ్డుంటాది. మడ్డున్న సోట స్పిరిట్టుంటాది. స్పిరిట్టున్న సోట పెట్రోల్లో కలపకుండా ఎందుకుంటారు?"

ఈ వాదనలో ఎక్కడ మెట్టు తప్పుతోందో నాకు తెలుస్తూనే ఉండేది. కానీ నేను అది చూపించబోయే లోపల ఆయన మళ్లీ మొదటి మెట్టు దగ్గరికి వెళ్లిపోయేవారు. రెండుమూడు సార్లు ప్రయత్నించి ఊరుకున్నాను.

తరువాత పరీక్షలు మొదలయ్యాయి. ఎక్కడో లేబొరేటరీలో పనిచేసే దూరపు బంధువు ఒకాయన ఈయనకి ఒక ఉపాయం నేర్పాడు. మందుల షాపులో మిక్చరు పోసి ఇచ్చే సీసాలుండేవి, పక్కన మోతాదుకి గుర్తుగా కాగితం పట్టీ అంటించి. ఆ సీసాలో నాలుగు గుర్తుల దాకా పెట్రోలు పోయాలి, రెండు గుర్తులు నీళ్లు పోయాలి, బిరడా పెట్టి గట్టిగా ఊపి నిలబెట్టాలి. కాసేపటికి నీళ్లు అడుగుకి చేరతాయి. అడుగున రెండు గుర్తుల నీళ్లే ఉంటే పెట్రోలు శుద్ధం. నీళ్లు పెరిగినట్టు కనిపిస్తే స్పిరిట్ ఉన్నట్టు, ఎందుకంటే నీళ్లు స్పిరిట్‌ని తమలోకి లాక్కుంటాయి. పరీక్షలో తప్పేమీ లేదు, నేనూ ఒప్పుకుంటాను. తప్పంతా చూసే కంటిలో ఉంది.

"సూడు, నీల్ల గీత ఎంట్రుకవాసి జరిగింది."

"జరగలేదండీ."

"కల్లజోడెట్టుకుని సూడు."

"నాకు కళ్లజోడు లేదు."

"అందుకే అగుపడలేదు."

బంకు ఆయన పాపం పెద్దవాడు. చేత్తో మరతిప్పి పెట్రోలు ఎక్కించే పాతకాలపు పంపు ఒకటి పెట్టుకుని, దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. మా ఎర్ర కారు కనబడగానే లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "పొయ్యమంటారా బాబూ, ముందు పరీచ్చ సేసుకుంటారా?" అని అడిగేవాడు. వెనక జీపులు హారన్లు మోగిస్తూ ఉంటే మా ఆయన సీసాని సూర్యుడికి అడ్డంగా పట్టుకుని ఒక కన్ను మూసేవారు. నేను తల మీద కొంగు కప్పుకుని నేలకేసి చూసేదాన్ని. ఆ కారులో తలదాచుకునే చోటు లేదు. కప్పు లేదన్నాను కదా.

ఒకసారి ఆ పెద్దాయన నా వైపు తిరిగి, "అమ్మా, మీరైనా సెప్పండి. ఈ పెట్రోలుతోనే జీపులు మాడుగుల దాటి ఏజెన్సీ కొండలెక్కి దిగి వస్తన్నాయి. ఒక్క జీపు కూడా నాకు కంప్లయింటు ఇవ్వలేదు" అన్నాడు.

"జీపు సంగతి యేరు. అది ఏది పోసినా తాగుతాది" అన్నారు మా ఆయన.

చివరికి ఒకరోజు ఆ గీత నిజంగానే జరగలేదని ఆయనకే అనిపించింది. అప్పుడు శాంతిస్తారనుకున్నాను. లేదు. పుస్తకంలో రెండో మాట గుర్తొచ్చింది. స్పిరిట్ లేకపోతే సరిపోదు, మేలురకం అయి ఉండాలి. చోడవరంలో దొరికేది మామూలు రకం. మేలురకం కావాలంటే విశాఖపట్నం వెళ్లాలి. బస్సులో పెట్రోలు తేనివ్వరు. అందుకని ఆ కారేసుకునే వెళ్లి, అక్కడ ట్యాంకు నింపుకుని, డబ్బాల్లో పోయించుకుని తెచ్చేవారు. వెళ్లి రావడానికే బోలెడంత పెట్రోలు తగలేసేవారు. ఇదేమిటని అడిగితే, "అందుకే కదా డబ్బాల్లో తెస్తన్నాను" అనేవారు. నేను కూర్చోవలసిన సీట్లో డబ్బాలు కూర్చుని వచ్చేవి. విశాఖపట్నం సముద్రం నాకంటే అవే ఎక్కువసార్లు చూశాయి.

ఆ డబ్బాల ఎంపిక మరో ప్రహసనం. అప్పట్లో ఏ ఇంట్లోనైనా దొరికేది నలుపలకల కిరసనాయిలు డబ్బా. అందులో పోస్తే పెట్రోల్లో కిరసనాయిలు కలిసిపోతుందని వద్దన్నారు. వంటనూనె డబ్బా అంటే జిడ్డన్నారు. మా అత్తగారు విసుగొచ్చి, "పోనీ నా నగల పెట్టిలో పొయ్యరా" అన్నారు. అప్పుడు ఆయన దృష్టి మా సామాన్ల గదిలో గోడవారగా ఉన్న పాకం డబ్బాల మీద పడింది.

బెల్లం వండే ఇళ్లలో ఇదొక అలవాటు. పెనంలో చెరుకురసం ఉడికి ఉడికి, ఇంకాసేపుంటే గట్టిపడుతుందనగా, ఆ పాకాన్ని కొంత తీసి డబ్బాలకెత్తి దాచుకుంటారు. ఏడాది పొడుగునా రొట్టెలోకీ, అట్లలోకీ అదే. చుట్టాలకి పంపేదీ అదే. అప్పుడు ఖాళీ అయిన డబ్బాలు నాలుగుంటే, ఆయన వాటిని వేడినీళ్లతో స్వయంగా తొలిచారు. "ఇందులో మన పాకం తప్ప ఇంకోటి పడలేదు. ఇంతకంటే సుబ్బరమైన డబ్బా ఈ జిల్లాలోనే ఉండదు" అన్నారు. నేను కూడా అవునన్నాను. పాకం డబ్బాని మురికి డబ్బా అని ఆ ఇంట్లో ఎవరం అనుకోం. కడిగిన డబ్బాల్ని ఎండలో బోర్లించింది నేనే.

ఆ తరువాతే కారుకి దగ్గు మొదలైంది. బాగా పోతూ పోతూ ఉన్నట్టుండి రెండు కుదుపులు కుదిపేది, మళ్లీ సర్దుకునేది. ఎక్కడ దగ్గినా ఆయన ఒకటే మాట. "అప్పుడెప్పుడో చోడవరం పెట్రోలు పోసేం కదా, అది ఇంకా అడుగునుంది." ఆ అప్పుడెప్పుడో అన్నది ఏడాది కిందటి మాట. పోసినదేమో రెండు లీటర్లు. ఇలా వాదించే మనిషితో కాపురం ఎలా చేశావని ఇప్పుడు మా మనవరాలు నన్ను అడుగుతుంది. నోరు నొప్పెట్టి ఊరుకునేదాన్నని చెప్తాను.

ఇదంతా ఒక ఎత్తు, ఇంటర్వ్యూ ఒక ఎత్తు.

నా పెళ్లయిన ఐదో ఏడు. చాలా ఊళ్లలో స్కూళ్లు నడిపే ఒక సంస్థ కె.కోటపాడులో కొత్తగా పెట్టిన స్కూలుకి ఒక టీచరు కావాలని పేపర్లో వేసింది. చోడవరం నుంచి కె.కోటపాడుకి పొద్దున్న బస్సుంది, సాయంత్రం తిరిగొచ్చే బస్సుంది. ఇంట్లో వంట చేసి వెళ్లొచ్చు, దీపాల వేళకి వచ్చేయొచ్చు. ఇంకే ఊరైనా ఇంట్లో కుదరదు. అలాంటి ఖాళీ మళ్లీ పడదని నాకు తెలుసు. మా అత్తగారే దరఖాస్తు పెట్టమన్నారు. "ఎల్లవే. సదువుకున్న గుంటవి, ఇంట్లో కూకుని పొయ్యి ఊదుకుంటే ఏటొస్తాది?" అన్నారు.

ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో ఎవరికీ చెప్పలేదు. ట్రైనింగులో ఉన్నప్పుడు మమ్మల్ని పిల్లల క్లాసులకి పంపి పాఠాలు చెప్పించేవారు. బోర్డు ముందు నిలబడి, సుద్దముక్క పట్టుకుని, నలభై జతల కళ్లు నా వైపు తిరిగినప్పుడు నాకు నేను నచ్చేదాన్ని. పెళ్లయ్యాక ఒక్క రోజు కూడా నాకు అలా అనిపించలేదు. మళ్లీ అలా అనిపించాలని ఉండేది. అంతే నా కోరిక.

ఇంటర్వ్యూకి రమ్మని ఉత్తరం వచ్చింది. విశాఖపట్నంలో, వాళ్ల ఆఫీసులో, ఉదయం పది గంటలకి. నేను ఆరు గంటల బస్సుకి వెళ్తానన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు.

"ఇంట్లో కారెట్టుకుని బస్సేటే? అందులో నిలబడి ఎల్తే సీర నలిగిపోద్ది. సెమటలు కారతాయి. అక్కడ కూకున్నోల్లకి ఏటనిపిస్తాది?"

"అది మధ్యలో ఆగిపోతుందండీ."

"కొత్త పెట్రోలు తెచ్చేను. మేలురకం. పరీక్ష సేసేను. గీత జరగలేదు."

మా అత్తగారు "బస్సుకెల్లవే, నా మాటిను" అన్నారు. వినలేదు. చీర నలగదన్న మాటకి నేను ఆశపడ్డాను. దాచుకోవడం ఎందుకు, పడ్డాను. ఉన్న ఒక్క మంచి నేతచీర గంజిపెట్టి ఇస్త్రీ చేసుకున్నాను. దాన్ని అలాగే ఆ కమిటీ ముందుకి తీసుకెళ్లాలనుకున్నాను.

ఆరింటికి బయలుదేరదామనుకున్నాం. ఆయన ట్యాంకులో ఇంకాస్త పోద్దామన్నారు. పోసేముందు మళ్లీ ఒకసారి సీసా తీశారు. "మొన్న చూశారు కదా" అన్నాను. "డబ్బాలో ఉండి ఉండి మారిపోద్దేమో" అన్నారు. సీసా ఊపి నిలబెట్టారు. నీళ్లు అడుగుకి దిగే దాకా నేను గుమ్మంలో సర్టిఫికెట్ల సంచీ పట్టుకుని నిలబడ్డాను. ఆరు గంటల బస్సు మా వీధి చివర నుంచి హారన్ కొట్టుకుంటూ పోయింది. అప్పుడు "శుద్ధంగా ఉంది" అన్నారు.

అనకాపల్లి ఇంకా మూడు మైళ్లుందనగా కారు దగ్గింది. ఆయన నా వైపు చూడలేదు. ఇంకో ఫర్లాంగు పోయాక వరసగా దగ్గింది. పక్కకి తీసి ఆపారు.

"చోడవరం పెట్రోలు" అన్నారు.

ఆ క్షణాన నా చేతిలో ఏదైనా ఉంటే విసిరేదాన్నే. సర్టిఫికెట్లు కాబట్టి ఆగాను. ఆయన వెనక అరలోంచి డబ్బా తీసి, అడుగున మిగిలినదంతా ట్యాంకులోకి ఒంపారు. మంచి పెట్రోలు పడితే చెడ్డ పెట్రోలు కొట్టుకుపోతుందట. మళ్లీ స్టార్టు చేశారు. ఈసారి కారు దగ్గలేదు. అసలు ఏ చప్పుడూ చెయ్యలేదు.

ఏడున్నర అయింది. రోడ్డు మీద రెండు బస్సులు పోయాయి. రెండూ మెట్ల మీద కూడా మనుషులతో ఉన్నాయి. చెయ్యెత్తితే ఆపలేదు. మూడోసారి వచ్చింది బెల్లం లారీ, అనకాపల్లి మార్కెట్‌కి దిమ్మలు వేసుకుని పోతోంది. డ్రైవరు నలభై ఏళ్ల మనిషి, మా ఎర్ర కారుని చూసి వింతపడి ఆపాడు. బోనెట్ ఎత్తి, పెట్రోలు వచ్చే గొట్టం విప్పి, దానికున్న చిన్న వడపోత గిన్నె ఊడదీశాడు. అడుగున ఏదో గోధుమరంగుగా, జిగటగా పేరుకుని ఉంది. వేలితో తీసి వాసన చూశాడు. తరువాత నాలిక్కి రాసుకున్నాడు.

"బాబూ, ఇది పాకం."

"పాకమేటి?"

"బెల్లం పాకం బాబూ. రోజూ మోస్తన్నాను, నాకు తెలీదా? డబ్బాల మూలల్లో అతుక్కుపోయి ఉంటాది, ఎంత కడిగినా పోదు. గతుకుల్లో ఊడొచ్చి ట్యాంకులో పడింది. ఏ డబ్బాలో తెచ్చేరు?"

మా ఆయన తన వేలు కూడా ఆ గిన్నెలో పెట్టి, కాస్త తీసి నోట్లో వేసుకున్నారు. కళ్లు సగం మూసి, పెనం దగ్గర నిలబడి పాకం చూసేటప్పుడు ఎలా చప్పరిస్తారో అలాగే చప్పరించారు. పెట్రోలు కంపు కొడుతున్న ఆ జిగురుని.

"మన పెనంలోదే" అన్నారు. "కిందటేడు మొదటి వంట."

చెరుకు ఎక్కడ పెట్రోల్లోకి వచ్చేస్తుందోనని రెండేళ్లకి పైగా ఊరినంతా అనుమానించి, బంకు పెద్దాయన్ని ఏడిపించి, నా బుర్ర తిని, చివరికి ఆ చెరుకుని తన చేతులతో డబ్బాకెత్తి, తన కారులో తనే పోసుకున్న మనిషి. అది తెలిశాక కూడా ఆయన రుచి చూసి తేల్చింది అది ఏ ఏడాది వంట అన్నదే! "ఈ కారూ వద్దు, మీ పాకమూ వద్దు" అని అరిచి, లారీ మెట్టు మీద కాలు పెట్టాను. డ్రైవరు "రండమ్మా, అనకాపల్లిలో దింపేత్తాను" అన్నాడు. ఆయన కారు దగ్గరే నిలబడిపోయారు. గిన్నె ఇంకా చేతిలోనే ఉంది.

లారీ సీటు మీద బెల్లం పొడి. నా చీర వెనకంతా అంటుకుంది. అనకాపల్లిలో దిగి, బస్సు కోసం చూసి చూసి, దొరికినదాంట్లో నిలబడి, విశాఖపట్నంలో దిగి, రిక్షా ఎక్కి ఆ ఆఫీసు చేరేసరికి పదకొండుంబావు.

నా పేరు ఎప్పుడో పిలిచేశారట. గుమస్తా తల అడ్డంగా ఊపాడు. బతిమాలాను. ఏమనుకున్నాడో, లోపలికి వెళ్లి వచ్చి, అందరి తరువాత పిలుస్తారని బెంచీ చూపించాడు. బెంచీ మీద ఇంకో ఇద్దరు అమ్మాయిలు కూర్చుని ఉన్నారు. ఒకామె చీర కుచ్చిళ్ల దగ్గర మాసిక వేసి ఉంది. కుట్టు కనబడకుండా సంచీ అడ్డం పెట్టుకుంది.

ఒంటిగంటకి పిలిచారు. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టు పెద్దమనిషి, ఒక పక్క కళ్లద్దాల టీచరమ్మగారు, ఇంకో పక్క రాసుకునే ఆయన. భిన్నాలు మూడో తరగతి పిల్లలకి ఎలా చెప్తావని అడిగారు. నేను అక్కడున్న కాగితం తీసుకుని, మడిచి, చింపి, రొట్టె పంచినట్టు ఆ ముగ్గురికీ పంచి చెప్పాను. టీచరమ్మగారు తన వాటా కాగితం చేతిలో పట్టుకుని నవ్వారు. "బాగా చెప్పావమ్మా" అన్నారు. నలభై జతల కళ్లు కాదు, మూడు జతలే. అయినా నాకు నేను మళ్లీ నచ్చాను. ఉద్యోగం వచ్చేసిందనిపించింది.

నేను లేవబోతుంటే పెద్దాయన అడిగారు. "ఇంత చక్కగా చెప్తావు, మరి ఇంత ఆలస్యమేం?"

బస్సు ఆలస్యమైందని చెప్పి ఉండాల్సింది. రోజుకి వెయ్యిమంది చెప్పే మాట. కానీ పొద్దుటి నుంచి కడుపులో ఉడుకుతున్నది అదే కాబట్టి నోట్లోంచి అదే వచ్చింది.

"కారు ఆగిపోయిందండీ."

"అద్దె కారా?"

"కాదండీ. మాదే."

రాసుకునే ఆయన కలం ఆపాడు. ఎలాంటి కారని అడిగారు. చెప్పాను. విదేశీ కారు, రెండు సీట్లది, స్పోర్ట్స్ కారు. నాకు ఆ మాటలు ఎంత అసహ్యంగా వినిపించాయో, వాళ్లకి అంత గొప్పగా వినిపించాయి. టీచరమ్మగారు చేతిలో కాగితం ముక్క బల్ల మీద పెట్టేశారు.

పెద్దాయన నా దరఖాస్తు మూసి, కోపం లేకుండానే అన్నారు. "అమ్మా, నీకీ ఉద్యోగం దేనికి? ఫలితం కోసం బయట కూర్చున్న ఆ అమ్మాయికి ఇల్లు గడవదు. నువ్వు సరదాకి చేస్తావు, నాలుగు నెలలకి మానేస్తావు."

సరదాకి కాదని చెప్పాలి. ఆ కారు నేను అడిగింది కాదని చెప్పాలి. చెప్తే, ఇంట్లో స్పోర్ట్స్ కారు ఉన్న ఆడది కష్టాలు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది. మాసిక చీర అమ్మాయి కళ్లముందు కనబడింది. ఆయనన్నది తప్పని అప్పుడూ అనలేకపోయాను, ఇప్పుడూ అనలేను. నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను.

చోడవరం బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. అనకాపల్లి దాటాక రోడ్డు పక్క చూశాను. కారు లేదు. ఎడ్లని కట్టి లాక్కుపోయారని తరువాత తెలిసింది.

ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదు. ఆయన వాకిట్లో నా కోసమే చూస్తున్నారు. పొద్దుటి ఇస్త్రీ చొక్కాకి మసి అంటింది. చేతులకి మసి. తప్పు చేసిన మనిషి ముఖమే అది, కాదనను. నా చేతిలో సంచీ అందుకుని, మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, నేను తాగే దాకా ఆగారు.

"టైముకి అందేవా? లోపలికి పిలిసేరా?"

"పిలిచారు."

"ఏటడిగేరు?"

నా దగ్గర ఓపిక లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ఇంట్లో ఎలాంటి కారుందని అడిగారు."

ఆ ముఖం పొద్దుటి నుంచీ మొదటిసారి వెలిగింది.

"సెప్పేవా మరి? టూ సీటరని సెప్పేవా? ఇంగ్లండుదని?"

"చెప్పాను" అన్నాను.

లోపలికి వెళ్లి గది తలుపేసుకుని, నేల మీదే కూర్చుని, విశాఖపట్నం నుంచి ఆపుకుంటూ వచ్చిన ఏడుపంతా ఏడ్చాను. తలుపు అవతల మా అత్తగారు కంగారుగా ఏదో అడుగుతున్నారు. ఆయన గొంతు వినిపించింది, సంతోషం ఆపుకోలేకపోతున్నారు.

"ఉజ్జోగం వచ్చేసినట్టేనమ్మా. కారు గురించి కూడా అడిగేరట."